దించే తాడు, ఎత్తే తాడు

పల్నాడులో కూచుని పడవ చుక్కాని గురించి రాస్తున్నానంటే నవ్వేవాళ్ళు వుంటారు. మా సీమ పేరు చెప్పగానే బ్రహ్మనాయుడూ నాగమ్మా, కోడిపుంజులూ, కారెంపూడి వీర్లగుడీ, ఎండు మిరపకాయలూ, నాపరాళ్ళూ జ్ఞాపకం వస్తాయి గాని తెరచాప ఎవరికీ జ్ఞాపకం రాదు. రాకపోవటం తప్పని నేననను. కాని ఒక్కసారి పటం తీసి చూడండి. 2022లో కొత్తగా ఏర్పడిన మా జిల్లాకు ఉత్తరపు హద్దు పొడుగునా కృష్ణే పారుతుంది. మూడో శతాబ్దంలో విజయపురిలో బోధిసిరి అనే ఉపాసిక చెక్కించిన శాసనంలో కంటకసేల ప్రసక్తి వుంది. కంటకసేల అంటే ఈనాటి ఘంటసాల అని పండితుల నిర్ణయం. ఆ రోజుల్లో పేరుపడ్డ రేవు. ఏటికి ఎగువన మా కొండల మధ్య కాపురమున్నవాళ్ళకు దిగువనున్న సముద్రపు రేవు పొరుగిల్లు లాంటిదన్నమాట. ఆ విజయపురి మీదనే ఇప్పుడు నాగార్జునసాగరం నిలిచి వుంది. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలవలకు నీళ్ళు వదిలాక, నీళ్ళు లేని సీమ అని పేరు మోసిన చోటికి ఇంత నీరు వచ్చింది. వచ్చిన తరవాత కూడా పడవ ఊసు ఎత్తకపోతే అది కృతఘ్నత కాదూ?

అయితే ఈ వారం చెప్పబోయేది ఓడల వైభవం కాదు. చిన్న తెరచాప పడవ వెనక వేలాడే చెక్క ఒకటీ, దానికి కట్టే తాళ్ళు రెండూ - అంతే. ఇంత చిన్న సంగతికి ఇన్ని పేజీలు దేనికంటారేమో, ఆ తాళ్ళలో ఒకటి కాస్త సాగినందువల్ల మా అక్కయ్య కొడుకు స్నేహితుడికి నుదుటిమీద మూడు కుట్లు పడ్డాయి. పడవే అమ్మేయమని అక్కయ్య పట్టుబట్టింది. ఆ వ్యాజ్యం తీర్పుకు నా దగ్గరకు వచ్చింది.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. హుసేన్‌సాగర్‌లో తెరచాప పడవలు నడపటం నేర్చుకున్నాడు. ఆ చెరువులో తెరచాప పందాలు ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్నాయి. సికిందరాబాదు మిలిటరీవారి ఇ.ఎం.ఇ. సెయిలింగ్ సంఘానికి అక్కడే స్థావరం. లేజర్ అనే రకం పడవల జాతీయ పందాలు కూడా అక్కడ జరిగాయి. లేజర్ అంటే ఒంటరిగా నడిపే పడవ, పొడుగు 4.23 మీటర్లు, ఉత్త డొల్ల బరువు 59 కిలోలు. కెనడాలో పుట్టిన బ్రూస్ కిర్బీ అనే ఆయన గీసిన నమూనా అది. 1971లో అమ్మకానికి వచ్చింది, 1996 నుంచి ఒలింపిక్ పందాల్లో వుంది. దాని చుక్కాని రెక్క పైకి లేచే రకమే. మావాడు అది చూసి మోజుపడి, ఇద్దరు కూచునే పాత పడవ ఒకటి స్నేహితుడితో వంతు వేసుకుని కొన్నాడు.

మామూలు చుక్కానికీ దీనికీ భేదం ఏమిటంటే, మామూలు చుక్కాని ఒకటే పలక. పడవ వెనక చెక్కకు తలుపు మాదిరిగా బందుల మీద వేలాడి కుడికీ ఎడమకూ తిరుగుతుంది. పడవ అడుగుకన్నా అది లోతుకు దిగి వుంటుంది. దిగకపోతే నీటిని పట్టుకోలేదు. కాని లోతుకు దిగినది గనక నేల తగిలితే ముందుగా దానికే తగులుతుంది. పడవ పరుగు మీద వున్నప్పుడు తగిలిందా, పలక విరగాలి, లేదా బందులు ఊడాలి, లేదా వెనక చెక్క చీలాలి. మూడింటిలో ఏది జరిగినా పడవకు దారి చూపేవాడు లేకుండా పోతాడు. అందుకని ఈ లేచే చుక్కానిని రెండు ముక్కలుగా చేస్తారు. పై ముక్కకు రెండు దవడలు వుంటాయి. అది బందుల మీద వుంటుంది. కింది ముక్క రెక్క. రెక్కను దవడల మధ్య పెట్టి అడ్డంగా ఒక బోల్టు దూరుస్తారు. ఆ బోల్టే ఇరుసు. రాయి తగిలితే రెక్క అడుగు కొస వెనక్కూ పైకీ తన్నుకుని లేస్తుంది. రాయి దాటాక మళ్ళీ దించుకోవచ్చు.

దసరా సెలవులకు మావాడు ఆ చుక్కానిని గోనెసంచిలో చుట్టి బస్సులో వేసుకుని నరసరావుపేట వచ్చాడు. వస్తూనే, "మామయ్యా, అమ్మకు నువ్వే నచ్చచెప్పాలి" అన్నాడు. "ముందు నాకు నచ్చచెప్పరా" అన్నాను. జరిగింది ఇది. పాత తాళ్ళు కుళ్ళిపోయి వుంటే, ఏదో అంగడిలో తళతళలాడే నైలాను తాడు చవకగా దొరికిందని కొని రెక్కను దించే తాడుగా కట్టాడు. ఊరిబయట పెద్ద చెరువులో గాలి వెనకనుంచి వస్తూండగా పడవ మంచి వేగంలో వుంది. నైలాను బరువు పడితే సాగే గుణం కలది. సాగింది. రెక్క జానెడు పైకి లేచి అక్కడే నిలిచింది. నీళ్ళ కింద జరిగిన భాగోతం ఎవరికి కనపడుతుంది? చేతిలో వున్న చుక్కాని పిడి బరువెక్కింది. గాలి పెరిగిందనుకుని వీడు రెండు చేతులా లాగిపట్టాడు. పై బందు మేకులతో సహా ఊడివచ్చింది. పడవ పక్కకు తిరిగింది. తెరచాప అడుగు కర్ర ఒకవైపు నుంచి రెండోవైపుకు విసురుగా వచ్చి స్నేహితుడి నుదుటికి తగిలింది. అతను నీళ్ళలో పడ్డాడు. ఒంటిమీద తేలుడు కోటు వుంది గనక ఈ కథ నేను తీరుబడిగా రాయగలుగుతున్నాను.

"అదీ నీ గొప్ప చుక్కాని" అన్నది అక్కయ్య వంటింట్లోంచి. మావాడు తల వంచుకున్నాడు.

మర్నాడు ఆ చుక్కానిని భుజాన వేసుకుని ట్రాక్టర్ల సామాను బాగుచేసే మేస్త్రీ దగ్గరకు వెళ్ళాం. ఆయన రెక్కను అటూ ఇటూ రెండుసార్లు ఆడించి చూసి, "ఇది మన గొర్రే గదండీ మాష్టారూ!" అన్నాడు. ఆ మాటతో నాకు సగం పాఠం బోధపడింది. మా పొలాల్లో మట్టి కింద రాయి వుంటుంది. ట్రాక్టరు గొర్రుకు వుండే కర్రులు బిగిసిపోయి వుంటే రాయి తగిలినచోట విరుగుతాయి. అందుకని వాటికి పెద్ద స్ప్రింగులు పెడతారు. రాయి తగిలితే కర్రు వెనక్కు తన్నుకుని లేచి, దాటగానే స్ప్రింగు లాగి మళ్ళీ భూమిలో దింపుతుంది. కొన్నింటికి స్ప్రింగు వుండదు. మెత్తటి ఇనుముతో చేసిన బోల్టు ఒకటి వుంటుంది. మోతాదుకు మించి దెబ్బ తగిలితే ఆ బోల్టు తెగి కర్రును కాపాడుతుంది. రైతు జేబులో నాలుగు బోల్టులు వేసుకుని పోతాడు. రాళ్ళపొలాలకూ రాళ్ళ నీళ్ళకూ చిక్కు ఒకటే: భూమిని పట్టుకునేటంత బిగువు వుండాలి, రాయికి లొంగేటంత సడలింపు వుండాలి. ఈ రెండూ ఒకే తాడుతో సాధించటంలో వుంది కష్టమంతా.

ఇక్కడ నా పంతులు బుద్ధి కాస్త పోనివ్వండి. చుక్కాని అన్న మాట చుక్కలను చూసి పడవ నడపటం వల్ల పుట్టిందని చెప్పేవాళ్ళున్నారు. వినటానికి బాగానే వుంటుంది గాని, అది అరబ్బీలోని సుక్కాన్ అన్న మాట. ఓడవర్తకులతో బాటు మన తీరానికి వచ్చింది. తమిళులకు సుక్కాన్ అయింది, మనకు చుక్కాని అయింది. సంస్కృతంలో కర్ణమన్నా చుక్కానే. కర్ణధారుడన్న మాట అందువల్ల వచ్చింది. అన్నిటిలోకీ నాకు నచ్చింది అమరకోశంలో వున్న కేనిపాతకం. క అంటే నీరు. కే అంటే నీటిలో. నిపాతం అంటే పడటం. నీటిలోకి దిగవిడిచేది అని అర్థం. అంటే ఎత్తటమూ దించటమూ వున్న సాధనమన్నమాట! ఆ కాలపు ఓడలకు వెనక పక్కల వేలాడదీసిన పెద్ద తెడ్లే చుక్కానులు గనక, ఆ పేరు సరిగ్గానే అమిరింది. వెనక చెక్కకు తగిలించే చుక్కాని చీనావారిది. క్వాంగ్‌చౌ నగరంలో ఒకటో శతాబ్దపు సమాధిలో దొరికిన మట్టి పడవ బొమ్మకు అటువంటి చుక్కాని వుంది. వాళ్ళ జంకు ఓడల్లో పెద్ద చుక్కానిని సైతం మోకులతో పైకి లాగి, లోతు తక్కువ చోట్ల దాటించేవారు. కాబట్టి ఎత్తే తాడూ దించే తాడూ నిన్న మొన్నటి అమెరికా వాళ్ళ తెలివి అనుకోనక్కరలేదు.

సరే, తాళ్ళ సంగతికి వద్దాం. రెక్కను దించటానికి తాడును పైకి లాగాలి. ఇది వినగానే నేను కూడా తెల్లబోయాను. బొమ్మ వేసుకుంటే తెలుస్తుంది. ఇరుసుకు ముందు వైపున, అంటే పడవ వైపున వున్న అంచుకు దించే తాడు కడతారు. ఆ ముందు అంచు పైకి లేస్తే ఇరుసుకు కిందనున్న కొస ముందుకు వస్తుంది. రెక్క నిటారుగా దిగుతుంది. ఇరుసుకు వెనకనున్న అంచుకు ఎత్తే తాడు కడతారు. అది లాగితే కొస వెనక్కుపోయి పైకి లేస్తుంది. రెండు తాళ్ళూ దవడల మీదుగా చుక్కాని పిడి వెంట ముందుకు వచ్చి, చేతికి అందే చోట బిగుస్తాయి. బిగించటానికి పళ్ళున్న చిన్న బిళ్ళలుంటాయి. వాటిని క్లీట్లు అంటారు. తాడు లాగి కిందికి నొక్కితే పళ్ళు పట్టుకుంటాయి.

ఈ రెండింటిలో ఎత్తే తాడు సాధువు. దానికి పని తక్కువ. ఒడ్డుకు వచ్చేటప్పుడు రెక్కను లేపటం, గుర్రపుడెక్కో నాచో చుట్టుకుంటే ఒకసారి లాగి వదిలి దులపటం - అంతే దాని బాధ్యత. దాన్ని ఇరుసుకు బాగా దిగువన వెనక అంచుకు కడితే లాగటం తేలిక. దించే తాడే దుర్మార్గం. దాని కష్టం ఏపాటిదో లెక్క కట్టి చూశాం. పడవ వేగంగా పోతున్నప్పుడు నీరు రెక్కను వెనక్కు నెడుతుంది. ఆ నెట్టుడు 5 కిలోల బరువనుకోండి, అది ఇరుసుకు 40 సెంటీమీటర్ల కింద తగులుతోందనుకోండి. తాడు కట్టిన ముందు అంచు ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే వుంది. తూకపు కర్ర న్యాయం ప్రకారం తాడు మీద పడే లాగుడు 40 కిలోలు! అయిదు కిలోలు అనుకుని కట్టిన తాడు నలభై కిలోలు మోస్తున్నదన్నమాట. మావాడి నైలాను సాగటంలో ఆశ్చర్యం ఏముంది? అదే తాడును ఇరుసుకు 8 సెంటీమీటర్ల దూరాన కట్టగలిగితే లాగుడు 25 కిలోలకు దిగుతుంది. మూడు సెంటీమీటర్లకు అంత తేడా. చిన్న కప్పీ ఒకటి తగిలించి తాడును మడత వేస్తే, చేతికి తగిలే బరువు ఇంకా సగమవుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల లావు తాడు చాలు, కాని అది సాగని రకం కావాలి. పాలియెస్టరు పరవాలేదు. డైనీమా అని ఇప్పుడు వస్తున్నది ఇంకా మేలు. అది దాదాపు సాగదు. నైలాను లంగరుకు మంచిది. అలల విసురుకు సాగి దెబ్బ తగ్గిస్తుంది. ఒకచోట గుణమైనదే మరొకచోట దోషం.

ఇప్పుడు అసలు ప్రమాదం. రెక్క పూర్తిగా లేచిపోతే పడవ మాట వినదు, వెంటనే తెలుస్తుంది. పూర్తిగా దిగివుంటే సుఖమే. సగం లేవటం చాలా చెడ్డది. రెక్క నిటారుగా వున్నప్పుడు నీటి తాకిడి బందుల వరసకు ఏ 10 సెంటీమీటర్లో వెనకగా వుంటుంది. పిడి తేలిగ్గా తిరుగుతుంది. రెక్క 30 డిగ్రీలు వెనక్కు లేచిందనుకోండి. ఇందాకటి 40 సెంటీమీటర్ల లెక్కన తాకిడి మరో 20 సెంటీమీటర్లు వెనక్కు జరుగుతుంది. పిడి బరువు దాదాపు మూడింతలవుతుంది. పిడి బరువెక్కితే గాలి హెచ్చిందనుకోవటం సహజం. మనిషి ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఆ బలమంతా బందుల మేకులమీదా వెనక చెక్కమీదా పడుతుంది. మావాడికి జరిగింది అక్షరాలా ఇదే. పిడి హఠాత్తుగా బరువెక్కితే మొదట అనుమానించవలసింది గాలిని కాదు, తాడును. దించే తాడును వదిలి మళ్ళీ బిగలాగి చూడాలి. అది క్షణం పని.

"అయితే గట్టిగా ముడివేసి కట్టేస్తే సరిపోతుంది గదా" అన్నాను. "అప్పుడు రాయి తగిలితే?" అన్నాడు మావాడు. వాడూ నేర్చుకున్నాడు.

రాయి తగిలినప్పుడు తాడు తనంతట తాను వదలాలి. దీనికి పడవలవాళ్ళు పట్టిన మార్గాలు మేస్త్రీ గొర్రు మార్గాలే. మొదటిది రబ్బరు తాడు. మోటారు సైకిళ్ళకు సామాను కట్టుకునే రకం. రాయి తగిలితే సాగుతుంది, దాటితే లాగుతుంది. చూడముచ్చటగానే వుంటుంది గాని, రాయికీ వేగానికీ దానికి తేడా తెలియదు. పడవ జోరందుకుంటే చాలు, రాయి లేకపోయినా రెక్క సగం లేస్తుంది. ఇందాక చెప్పిన పాపమంతా మళ్ళీ మొదలు. నెమ్మదిగా పోయే పడవకు తప్ప రబ్బరు తాడును ఒంటరిగా నమ్మటం నాకు ఇష్టం లేదు. రెండోది తెగే దారం. దించే తాడు చివర ఒక సన్నటి పురికోసతో కడతారు. దెబ్బ తగిలితే పురికోస తెగి రెక్కను వదులుతుంది. చవక, నమ్మకం. కాని తెగాక నడినీళ్ళలో, గాలిలో, పడవ వెనక్కు వంగి మళ్ళీ కట్టాలి. గట్టుమీద ట్రాక్టరు ఆపుకుని బోల్టు వేసుకున్నంత తేలిక కాదు. మూడోది బరువు రెక్క. చెక్కకు బదులు లోహపు రేకుతో చేస్తే తన బరువుకు తానే దిగుతుంది. బరువైన పడవలకు బాగుంటుంది. తేలిక పడవకు తోక బరువవుతుంది. నాలుగోది తనంతట వదిలే క్లీటు. దానికో మరసీల వుంటుంది. ఎంత లాగుడుకు వదలాలో ఆ సీల తిప్పి నిర్ణయించుకోవచ్చు. అంతవరకు రాతిలా పట్టుకుంటుంది. మించితే క్లీటు ముందుకు వంగి తాడును విడిచిపెడుతుంది. రాయి దాటాక తాడు లాగి మళ్ళీ నొక్కటమే. మా ఇంట్లో జరిగిన చర్చలో ఈ నాలుగోదానికే వోటు పడింది. పడవల సామాను అమ్మే చోట దొరికే ఈ చిన్న వస్తువు ఖరీదు ఊడిపోయిన బందులకన్నా తక్కువ అన్నాడు మావాడు.

తాడు ఏ దారిన రావాలన్నది కూడా చిన్న విషయం కాదు. క్లీటు పిడి మీదనే వుంటే చిక్కు లేదు. చుక్కానితో బాటు అదీ తిరుగుతుంది. కొందరు క్లీటును పడవ డొల్లకు బిగిస్తారు. అప్పుడు చుక్కాని తిప్పినప్పుడల్లా తాడు ఒకవైపు బిగుస్తుంది, రెండోవైపు సడలుతుంది. తాడు బందుల వరస మీదుగా, ఇరుసు తిరిగే చోటుకు ఆనుకుని వస్తే తప్ప ఆ జబ్బు కుదరదు. పిడి పైకి ఎత్తగలిగే రకమైతే దాని మడత బోల్టుకు దగ్గరగా తాడును పోనివ్వాలి. దూరంగా పోతే పిడి ఎత్తినప్పుడల్లా రెక్క కదులుతుంది. తాడు దూరే ప్రతి బెజ్జం అంచూ ఆకురాయితో నున్నగా రాయాలి, లేకపోతే పదును అంచు తాడును నెలరోజుల్లో కోస్తుంది. రెండు తాళ్ళకు రెండు రంగులు వుండటం మంచిది. కంగారులో చేతికి ఏది దొరికితే అది లాగుతాం గదా. మావాడు దించే దానికి ఎరుపూ, ఎత్తే దానికి తెలుపూ కొన్నాడు. చివర్లు జారిపోకుండా 8 అంకె ముడి వేశాడు.

ఇదంతా సరదా పడవల వేడుక అనుకునేరు. మన కోస్తాలో ఇది అన్నం సమస్య. తూర్పు తీరంలో చాలాచోట్ల రేవు లేదు. ఇసక వొడ్డే రేవు. కెరటాలు విరిగేచోట పడవ ఒడ్డుకు రావాలి. అటువంటి చోట చుక్కాని నేలకు తన్నితే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను వెనక కెరటం బోర్లా వేస్తుంది. మనవాళ్ళ పాత పడవలు చూస్తే ఆ భయం ఎంత తెలిసి కట్టారో అర్థమవుతుంది. మసూలా పడవకు పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు, మేకు వుండదు. నేల తగిలితే ఒళ్ళంతా వంగి ఓర్చుకుంటుంది. దానికి బిగించిన చుక్కానీ లేదు. వెనక నిలబడ్డవాడి చేతిలో పొడుగాటి తెడ్డు వుంటుంది. తెప్పకూ అంతే. తెడ్డును ఎత్తటానికి తాడు అక్కరలేదు, క్లీటు అక్కరలేదు, చెయ్యి చాలు.

మోటారు వచ్చాక మళ్ళీ చిక్కు మొదలైంది. నీటి కింద తిరిగే మరరెక్క చేతితో ఎత్తేది కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం పథకం ప్రారంభించినప్పుడు, ఇసక వొడ్డున దిగగల మోటారు పడవను తయారుచేయటం వాళ్ళు ముందుగా పట్టిన పనుల్లో ఒకటి. వాళ్ళు చేసిందేమిటంటే, డీజిలు ఇంజనునూ మరరెక్క ఇరుసునూ కలిపి ఒకే పెట్టెలో బిగించి, ఆ పెట్టెనంతా ఇరుసుమీద ఊగేటట్లు చేశారు. నేల తగిలితే మరరెక్క పైకి లేస్తుంది. వొడ్డు దగ్గరపడితే మనిషే ఎత్తవచ్చు. అంతకు ముందునుంచే, కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్ అనే ఆయన కెరటాల్లోంచి వొడ్డెక్కే జంట డొల్లల తెరచాప పడవలు చేసి అమ్ముతున్నాడు. వాటి చుక్కానులకు స్ప్రింగుతో పట్టుకుని, దెబ్బ తగిలితే వదిలే కొక్కెం వుంది. ఒకరిది వినోదం, ఒకరిది జీవనం. ఇసక మాత్రం ఇద్దరికీ ఒకలాగే అడ్డం వచ్చింది.

మళ్ళీ మా వైపుకు వస్తాను. సాగరం నిండితే నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలంలో 510 దాకా దిగటానికి వీలుంది. అంటే 80 అడుగుల తేడా. కార్తికంలో పడవ తేలిగ్గా దాటిన చోటే వైశాఖంలో నాపరాతి బండ నీటికి జానెడు కింద దాక్కుని వుండవచ్చు. కనిపించే బండను ఎవరైనా తప్పించుకుంటారు. కృష్ణ వొడ్డున పుట్టి నడిపే పెద్దాయనను ఒకసారి అడిగాను, చుక్కాని లేకుండా ఎట్లా నడుపుతావని. "లోతు తెలియని నీళ్ళలో తెడ్డే మేలు మాష్టారూ. రాయి తగిలితే ముందు చేతికి తెలుస్తది. కట్టేసిన దానికి తగిలితే పడవకు తెలుస్తది, మనకు తెలిసేసరికి ఆలస్యమవుద్ది" అన్నాడు. మావాడికి ఈ మాట చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, పిడి మీద క్లీటు పక్కన తాడుకు నల్ల సిరాతో ఒక గీత పెట్టాడు. రెక్క పూర్తిగా దిగినప్పుడు ఆ గీత క్లీటు పళ్ళ దగ్గరకు వస్తుంది. జారి వెనక్కు పోయిందా, రెక్క లేచినట్టే. నీళ్ళ కిందకు చూడనక్కరలేదు, తాడు వంక చూస్తే చాలు. రెండు రూపాయల ఖర్చు లేని ఈ ఉపాయం నాకు కప్పీలకన్నా, డైనీమాకన్నా నచ్చింది. తాడు సాగితే ఈ గీత పట్టివ్వదు గదా అని అడిగాను. "అందుకే గదా మామయ్యా సాగని తాడు" అన్నాడు.

వెనక చెక్కకు లోపలివైపు టేకు పలక ఒకటి దన్నుగా పెట్టి, మేకులకు బదులు ఆరపార బోల్టులు వేసి బందులు బిగించాలని మేస్త్రీ చెప్పాడు. చుక్కాని ఎప్పుడైనా విరిగితే వాడుకోవటానికి పడవలో ఒక తెడ్డు వుంచాలని నేను షరతు పెట్టాను. అక్కయ్య షరతు ఇంకోటి: పరీక్ష తన కళ్ళ ఎదుట జరగాలి.

పరీక్ష మా పెరట్లోనే జరిగింది. రెండు బల్లల మధ్య చుక్కానిని బిగించి, దించే తాడు లాగి క్లీటులో నొక్కాం. రెక్క మీద ఇరుసుకు 40 సెంటీమీటర్ల కింద గుర్తు పెట్టి, మిరపకాయల బస్తాలు తూచే వేలాడే కాటా అరువు తెచ్చి, దాని కొక్కెం అక్కడ తగిలించాం. మావాడు కాటాను పట్టుకుని వెనక్కు లాగుతూ వుంటే అక్కయ్య అంకెలు చదివింది. అయిదు దాకా రెక్క కదలలేదు. ఏడు. ఎనిమిది దాటగానే క్లీటు టక్కున వంగి తాడు వదిలింది, రెక్క లేచింది. మరసీల అరచుట్టు బిగించి మళ్ళీ లాగాం. ఈసారి పది దగ్గర వదిలింది. "ఎనిమిది చాల్లే" అన్నది అక్కయ్య. సీల వెనక్కు తిప్పాం. ఆ తరవాత ఆవిడ కాటా తన చేతిలోకి తీసుకుని వరసగా ఆరుసార్లు లాగి చూసింది. ఆరుసార్లూ ఎనిమిదికి కొంచెం అటూ ఇటూగానే వదిలింది. పడవ అమ్మే మాట ఆ సాయంత్రం ఎత్తలేదు. తేలుడు కోట్లు కొత్తవి రెండు కొనమని మాత్రం డబ్బు ఇచ్చి పంపింది.